ఇంట్లో పొయ్యి ఎక్కడ?



సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు నుంచి బయటికొస్తే బోయిగూడ. ఆటోవాళ్ల పిలుపులు దాటుకుని కొంచెం లోపలికి నడిస్తే కోసిన చెక్క వాసన వస్తుంది. టింబరు డిపోలు, రంపపు మిల్లులు, పక్కనే పాత సామాను గోదాములు. ముప్పై ఏళ్లకు పైగా ఆ దారిన తిరుగుతున్నాను. ఇళ్ల ప్లాన్లు గీయడం నా బతుకుతెరువు. ఇంజనీరును కాను, ఆర్కిటెక్టును అసలే కాను. డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంటాయన చెప్పింది, ఇంటావిడ చెప్పలేకపోయింది, వాస్తు పంతులు గారు వద్దన్నది, మునిసిపాలిటీ ఒప్పుకునేది, ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద ఇమిడ్చే పని.

పోయిన నెల ఒకరి పూజగది తలుపుకి టేకు చూద్దామని ఒక డిపోకి వెళ్లాను. లోపల గోడకి చేర్చి ఒక పాత దర్వాజా నిలబెట్టి ఉంది. ఎక్కడో ఇల్లు పడగొడితే వచ్చిన సామాను. పైన ఆకుపచ్చ రంగు, అది పెచ్చులూడిన చోట నీలం, నీలం కింద మళ్లీ ఆకుపచ్చ. పై చెక్కకి తోరణాలు కట్టిన మేకులు ఐదు, తుప్పు పట్టి వంగిపోయి ఉన్నాయి. గడపకి పసుపు. ఎన్ని శుక్రవారాలు రాశారో, చెక్క నరాల్లోకి దిగిపోయింది. అలవాటు కొద్దీ టేపు తీసి కొలిచాను. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. నా అంత పొట్టివాడు కూడా తల వంచితేనే లోపలికి.

"దీన్నేం చేస్తారు?" అని అడిగాను.

"చీరేస్తం సార్. చెక్క మంచిగుంది, కిటికీ చౌకట్లకు పనికొస్తది. దర్వాజగ ఎవలు కొంటరు? ఇప్పుడందరికి ఏడడుగులు గావాలె," అన్నాడు డిపోలో కుర్రాడు.

ఆ ఐదడుగుల నాలుగంగుళాలకీ ఈ ఏడడుగులకీ మధ్య మన ఇళ్లలో ఏం జరిగిందో కాసేపు చెప్పుకుందాం. తలుపు సంగతి సులువు. పెంకుటింటి కప్పు ముందుకి వాలి చూరు కిందికి దిగుతుంది కాబట్టి గుమ్మం పొట్టిగా ఉండేది. స్లాబు వచ్చింది, కప్పు పదడుగులకి లేచింది, తలుపులకీ కిటికీలకీ అన్నింటికీ పై అంచు ఏడడుగుల దగ్గర ఒకే గీత అయింది. మేం దాన్ని లింటెల్ లెవెల్ అంటాం. కష్టమైన సంగతి తలుపు లోపల ఉంది. ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎవరు ఏ గుమ్మంలోంచి వస్తారు, పొయ్యి ఎక్కడుంది, దాని ముందు ఎవరున్నారు? ప్లాను చదవడం వచ్చినవాడికి ఇవన్నీ కాగితం మీదే కనిపిస్తాయి. మనుషులు చెప్పుకోని విషయాలు కూడా.

పాత ఇంటితో మొదలుపెడతాను. కోస్తాలో మండువా లోగిలి అన్నారు, తెలంగాణలో భవంతి అన్నారు. నడిమధ్య ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ వసారా, వసారా వెనక అర్రలు. వీధివైపు అరుగు. ఒక్కొక్క గడప దాటుతూ లోపలికి వెళ్లిన కొద్దీ చివరికెక్కడో వంటిల్లు, దాని వెనక పెరడు, బావి, పెరటి చివర దొడ్డి. వీధిలోంచి ఎవరు ఎంత దూరం లోపలికి రావచ్చో కులాన్ని బట్టి, వరసను బట్టి ముందే తేలిపోయి ఉండేది. కొందరికి అరుగు వరకే, కొందరికి వసారా వరకు. పాకీపని చేసేవాళ్లకీ, పాలేర్లకీ వెనక గుమ్మం. దొడ్డిదారి అన్న మాట మనం ఇవాళ ఉద్యోగాల విషయంలో వాడుతున్నాం గానీ, అది ఒకప్పుడు ఇంటి ప్లానులో నిజంగా ఉన్న దారి. వంటింటి కుందేలు అన్న మాట కూడా ఆ ప్లానుకి సరిగ్గా అతుకుతుంది. అన్ని గడపలు దాటి వీధిలోకి రావాలంటే ఆ కుందేలు ఎంత మందిని దాటుకు రావాలి!

ఆ ఇంట్లో 'నా గది' అన్న మాట లేదు. ఎండాకాలం వాకిట్లో నులక మంచాలు, వానాకాలం వసారాలో చాపలు. కొత్తగా పెళ్లయినవాళ్లకి ఒక అర్ర ఇచ్చేవారు, అదీ కొన్నాళ్లే. మిగిలిన గదులకి ధాన్యం పేరో, దేవుడి పేరో, పురుటి పేరో ఉండేది గానీ మనిషి పేరు ఉండేది కాదు.

ఇప్పుడు మిమ్మల్ని కాసేపు కాలిఫోర్నియా తీసుకెళ్తాను. అక్కడా ఇలాంటి ఇల్లు ఒకటి ఉండేది. స్పెయిన్, మెక్సికో వాళ్లు పశువుల మందలు పెంచుకుంటూ కట్టుకున్న ఇళ్లు. ఒకే అంతస్తు, మందమైన మట్టిగోడలు, మధ్యలో ముంగిలి, చుట్టూ వసారా. మన మండువాకి దూరపు చుట్టం. 1930ల మొదట్లో శాన్ డియెగోలో క్లిఫ్ మే అనే ఆయన, చదువుకున్న ఆర్కిటెక్టు కాదు, ఫర్నిచరు చేసుకునే మనిషి, ఆ పాత ఇళ్ల పోలికలో కొత్త ఇళ్లు కట్టడం మొదలుపెట్టాడు. మందలు పెంచే చోటుని రాంచ్ అంటారు గనక వాటికి రాంచ్ ఇళ్లని పేరొచ్చింది. నేలబారుగా, పొడుగ్గా, మెట్లు లేకుండా ఉంటుంది. కారు పెట్టుకునే చోటు ఇంటికి అంటుకునే ఉంటుంది. వెనక పెరట్లోకి జరిపే అద్దాల తలుపు. అన్నిటికన్నా ముఖ్యం, వంటిల్లు కూర్చునే గదిలోకి తెరుచుకుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకి తిరిగొచ్చారు. 1944లో చేసిన చట్టం వాళ్లకి ఇంటి అప్పు సులువు చేసింది. పెళ్లిళ్లు, పిల్లలు, కార్లు. ఊరి బయట పొలాల్లో వేల ఇళ్లు ఒక్కసారిగా లేచాయి. న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947లో కట్టడం మొదలుపెట్టి, 1949 నుంచి అక్కడా రాంచ్ నమూనా తెచ్చారు. వంటిల్లు వీధివైపు వచ్చింది, కూర్చునే గది వెనక పెరటివైపు వెళ్లింది, ఆ గోడ నిండా అద్దం. 1950 నమూనాలో గోడలోనే టీవీ అమర్చి ఇచ్చారు. ఇవేమీ మహా భవనాలు కావు. 1950లో అమెరికాలో కట్టిన కొత్త ఇంటి సగటు వైశాల్యం వెయ్యి చదరపు అడుగుల లోపే. మన టూ బీహెచ్‌కే అంత.

పనివాళ్లు లేని ఇల్లది. అత్తగారు లేని ఇల్లు. ఇల్లాలు ఒక్కతే వండాలి, ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను పెరట్లో పిల్లల మీద. అందుకని గోడ తీసేశారు. అందులో ఆమె మీద ప్రేమ ఎంతో, ఆమెతో రెండు పనులు ఒకేసారి చేయించుకునే తెలివీ అంతే. అద్దంలోంచి పెరడంతా కనిపించేది, పగలంతా మాట్లాడటానికి మనిషి మాత్రం కనిపించేది కాదు. 1963లో బెట్టీ ఫ్రీడన్ 'ది ఫెమినిన్ మిస్టిక్' రాసినప్పుడు ఆవిడ చెప్పిన దిగులు ఇలాంటి ఇళ్లలోని ఆడవాళ్లదే. ఇంకో మాట కూడా దాచకూడదు. లెవిట్‌టౌన్‌లో మొదట్లో ఇళ్లు తెల్లవాళ్లకే అమ్మారు, నల్లవాళ్లు ఉండకూడదని కాగితాల్లోనే రాశారు. గడప అక్కడా మనిషిని చూసే తెరుచుకుంది. మన దొడ్డిదారి గురించి సిగ్గుపడుతున్నప్పుడు ఇది కూడా గుర్తుంటే మంచిది.

ఈ రాంచ్ ఇంటికీ సికింద్రాబాద్‌కీ ఒక పాత సంబంధం ఉంది, అది బంగ్లా. బెంగాల్లోని వాలు కప్పు ఇంటిని చూసి ఈస్టిండియా కుంపిణీవాళ్లు కట్టుకున్న ఒంటి అంతస్తు ఇల్లు, చుట్టూ వరండా, దాని చుట్టూ కాంపౌండు. నిజాంతో 1798 ఒడంబడిక తర్వాత ఇంగ్లీషు పటాలం ఇక్కడ దిగింది, 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది, కంటోన్మెంటు నిండా బంగ్లాలు వచ్చాయి. ఆ మాటా ఆ రూపూ ఓడెక్కి ఇంగ్లండు, అక్కణ్నుంచి అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో రాంచ్ ఇంటికి ముందు తరం ఇల్లయ్యాయి. తమాషా ఏమిటంటే తెలంగాణ పల్లెలో బంగ్లా అంటే మిద్దె. మిరపకాయలు బంగ్లా మీద ఎండబోస్తారు. ఒంటి అంతస్తుకి పుట్టిన పేరు మనదగ్గర పై అంతస్తు ఎక్కి కూర్చుంది.

ఆ బంగ్లాల్లో వంటిల్లు ఇంట్లో ఉండేది కాదు. వెనక ఎక్కడో, పనివాళ్ల గదుల పక్కన. దొరసానికి పొగ తగలకూడదు. మన లోగిట్లో మడి కోసం పొయ్యిని దూరం పెడితే, వాళ్లు పొగ కోసం, హోదా కోసం దూరం పెట్టారు. కారణాలు వేరు, వండేవాళ్లు ఎవరికీ కనిపించకపోవడం ఒకటే.

బోయిగూడ బంగ్లాల పేట కాదు లెండి. పల్లకీలు మోసిన బోయీల గూడెం కాబట్టి ఆ పేరని చెబుతారు. 1874లో స్టేషను వచ్చాక ఈ చుట్టుపక్కల బతుకంతా రైలు చుట్టూ తిరిగింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దానికి కేంద్రమైంది. చిలకలగూడ, మెట్టుగూడ, లాలాగూడ వైపు రైల్వే క్వార్టర్లు వరసలు తీరాయి. ముందు చిన్న వరండా, ఒకటో రెండో గదులు, వెనక వంటిల్లు, కాస్త పెరడు. హోదాని బట్టి టైపు, టైపుని బట్టి గదులు.

నన్నడిగితే మన పట్టణాల్లో మొగుడూ పెళ్లాం ఇద్దరు పిల్లలన్న కుటుంబాన్ని ముందుగా కాగితం మీద గీసింది కుటుంబ నియంత్రణ శాఖవాళ్లు కాదు, క్వార్టర్లు గీసిన రైల్వేవాళ్లే. ఆ ప్లానులో తాతకి మంచం వేసే చోటు లేదు. మరిది చదువుకోవడానికి వస్తే వరండాలో చాప. బదిలీ అయితే సామాను గూడ్సులో, కాపురం పాసింజరులో. అత్తగారు పల్లెలోనే ఉండిపోయేది. కోడలికి మొదటిసారి తన పొయ్యి తనకి దొరికింది. ఆ సంతోషాన్ని ఎవరూ పైకి చెప్పుకోలేదు గానీ, క్వార్టరు అలాటయిందన్న కబురు తీపితో పాటు ఎందుకు పంచేవారో ఆలోచించండి.

క్వార్టరు దొరకనివాళ్లకి పోర్షన్. జంటనగరాల్లో బాగా నడిచిన మాట ఇది. ఒక పాత ఇంటిని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా కోసి నాలుగు కుటుంబాలకి అద్దెకివ్వడం. నేను పనిలో చేరిన కొత్తలో వచ్చిన కోరికల్లో సగం ఇవే. ముందు గదికి విడిగా ఒక తలుపు పెట్టండి. వసారాకి గోడ కట్టి వంటిల్లు చేయండి. మండువాకి పైన రేకులు. వెలుతురు పోతుందండీ అంటే, వెలుతురు అద్దె ఇస్తుందా అనేవారు. ఒకే పంపు, ఒకే దొడ్డి, నాలుగు పొయ్యిలు. పంపు దగ్గర తగువులూ, జ్వరమొస్తే పక్క పోర్షన్ నుంచి వచ్చే చారూ, రెండూ ఆ ప్లాను వల్లే.

ఇక పొయ్యి. బోయిగూడ రంపపు మిల్లుల్లో తలుపులకి చెక్కే కాదు, పొయ్యిలకి పొట్టు కూడా దొరికేది. మీలో పెద్దవాళ్లకి పొట్టు పొయ్యి గుర్తుండే ఉంటుంది. పీపాలాంటి ఇనప పొయ్యి, కింద పక్కన ఒక కంత. మధ్యలో నున్నటి రోకలిబండ లాంటి కర్ర నిలబెట్టి, కంతలోంచి ఇంకో కర్ర దూర్చి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి కూరేవాళ్లు. తర్వాత రెండు కర్రలూ మెల్లగా తిప్పుతూ లాగాలి. లోపల సొరంగం నిలబడితే ఆ పూటకి వంట అయినట్టే. కూలిందా, మళ్లీ మొదటికి. కింద చిన్న పుల్ల వెలిగిస్తే గంటల తరబడి ఎర్రగా రాజుతూ ఉండేది. పొట్టు ఏమాత్రం తడిసినా ఇల్లంతా పొగ. మా అమ్మ కర్ర లాగేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు, ఆమె ఊపిరి బిగబట్టేది, మేమూ బిగబట్టేవాళ్లం.

అలాంటి పొయ్యిని కూర్చునే గది పక్కన పెట్టలేరు. అది వెనకే ఉండాలి, కిందే ఉండాలి, దాని ముందు మనిషి పీట మీద కూర్చునే ఉండాలి. తర్వాత వత్తుల కిరసనాయిలు స్టవ్వు వచ్చింది, దాని తర్వాత గ్యాసు. గ్యాసు బండ కింద ఉండాలి, స్టవ్వు దానికన్నా ఎత్తులో ఉండాలి. అంటే గట్టు కావాలి. గట్టు వచ్చాక వండే మనిషి లేచి నిలబడింది. ఇళ్ల చరిత్ర రాసేవాళ్లు స్లాబు గురించి రాస్తారు, సిమెంటు గురించి రాస్తారు. నా దృష్టిలో మన ఇళ్లలో జరిగిన అసలు మార్పు ఆ గట్టు. నిలబడ్డ మనిషికి కిటికీ కావాలి, ఆమె కళ్లకి ఎదురుగా గోడ కనిపించకూడదు. పొగ లేదు కాబట్టి వంటిల్లు ముందుకి జరగొచ్చు. జరిగింది.

గట్టు ఎత్తు గురించి ఒక ముచ్చట. 1990ల్లో అనుకుంటాను, ఒకాయన ఇంటికి కొలతలకి వెళ్లాను. గట్టు ఎంత ఎత్తులో పెట్టమంటారంటే ఆయనే చెప్పేశాడు, రెండడుగుల తొమ్మిదంగుళాలు, అందరికీ అంతే కదా అని. లోపల్నుంచి వాళ్లమ్మగారు, "అంతెందుకు నాయనా, రెండున్నర చాలు" అంది. ఆవిడ అయిదడుగుల లోపు మనిషి. ఇంటావిడ గుమ్మం పక్కన నిలబడి ఉంది, ఏమీ అనలేదు. అమ్మా, మీరిలా వచ్చి గోడ దగ్గర నిలబడండి అన్నాను. మోచెయ్యి మడిచి పెట్టమని, దాని కింద నాలుగంగుళాలు వదిలి గోడ మీద పెన్సిలుతో గీత గీశాను. మూడడుగులకి ఒక్క అంగుళం తక్కువ. ఆయన ఆశ్చర్యపోయాడు. పదహారేళ్లుగా ఆ మనిషి నడుం వంచి వండుతోందని ఆ గీత చూసేదాకా ఆయనకి తెలియదు. అత్తగారు ఆ గీత దగ్గరికి వచ్చి చెయ్యి పెట్టి చూసుకుని, "అయితే నాకు పీట కావాలి" అని నవ్వేసింది. ఆ రోజు నుంచీ నేను గట్టు కొలత మగవాళ్లని అడగడం మానేశాను.

టీవీ సంగతి త్వరగా చెప్పేస్తాను. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. అంతకుముందు ముందు గదిలో కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేవి, రేడియో గూట్లో ఉండేది. రేడియోకి ఎదురుగా కూర్చోనక్కర్లేదు, కూరగాయలు తరుగుతూ వినొచ్చు. ఇప్పుడు ఇది వింటూ మీలో ఎందరు తరుగుతున్నారో నాకేం తెలుసు. టీవీ వచ్చాక కుర్చీలన్నీ ఒకే గోడకి తిరిగాయి. వసారా హాలయింది. ప్లాను గీసేటప్పుడు మొదటి ప్రశ్న, దేవుడి గది ఎటు అన్నది పోయి, టీవీ ఏ గోడకి అన్నది అయింది. సనత్‌నగర్‌లో తయారైన ఆల్విన్ ఫ్రిజ్ కొన్నవాళ్లు దాన్ని వంటింట్లో పెట్టేవాళ్లు కారు, హాల్లో పెట్టేవాళ్లు. వచ్చినవాళ్లకి కనిపించాలి కదా.

ఇక స్థలం సంగతి. 1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. హైదరాబాద్ నగరంలో ఖాళీ స్థలం ఒకరి పేరున వెయ్యి చదరపు మీటర్లకి మించకూడదన్నారు. పెద్ద కాంపౌండ్లు అన్నదమ్ముల మధ్యా, ఆ తర్వాత బిల్డర్ల చేతుల్లోనూ ముక్కలయ్యాయి. 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. ఆ ముక్కల మీద ఫ్లాట్లు లేచాయి. చాలామంది ఫ్లాటుని తిడతారు, నేను తిట్టను. ఒక చిన్న సంగతి చెబుతాను. పాత ఇళ్లలో ఆడవాళ్లు నెలకి మూడు రోజులు బయట ఉండేవారు, వసారాలో ఒక మూల. ఆ ఆచారాన్ని తీసేయమని సంస్కర్తలు ఎంత చెప్పినా వినని ఇళ్లు, ఫ్లాటులోకి మారగానే మానేశాయి. ఎందుకంటే ఫ్లాటులో బయట అన్నదే లేదు. తలుపు తీస్తే లిఫ్టు. దొడ్డి పడకగదిలోకి వచ్చిందని పెద్దవాళ్లు ముక్కు మూసుకున్నారు, మోకాళ్ల నొప్పులు వచ్చాక వాళ్లే అటాచ్డ్ గది అడిగి తీసుకున్నారు.

అరుగు పోయిందని మాత్రం నాకూ బాధే. కానీ పూర్తిగా పోయిందా అంటే, అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టుకునే చోటికి ఒకసారి సాయంత్రం వెళ్లి చూడండి. స్తంభాల మధ్య వినాయకుడు అక్కడే. బతుకమ్మ అక్కడే. పెళ్లికూతుర్ని చేయడం, పిల్లల పుట్టినరోజు, చివరికి ఇంటి పెద్ద పోతే ఐస్ బాక్సు పెట్టేది కూడా అక్కడే. కార్లు ఒక పక్కకి జరిపి కుర్చీలు వేస్తారు. దాన్ని గీసినవాడు కార్ల కోసం గీశాడు, జనం మాత్రం దాన్ని మండువాలా వాడుకుంటున్నారు.

బోయిగూడలోనే ఇంకో ఇల్లు చూపిస్తాను. ఐడీహెచ్ కాలనీ. పాత ఇరుకు ఇళ్లు తీసేసి అక్కడ జీ ప్లస్ టూ పద్ధతిలో 396 ఇళ్లు కట్టారు. 2015 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రారంభించారు. తెలంగాణలో రెండు పడకగదుల ఇళ్ల పథకానికి నమూనా అదే. ఆరువందల చదరపు అడుగులు కూడా లేని ఇల్లు. అందులోనే హాలు, రెండు పడకగదులు, వంటిల్లు. అంతకుముందు పేదలకి ప్రభుత్వాలు కట్టిన ఇల్లంటే చాలా చోట్ల ఒక గది, వంటకి కాస్త చోటు. కూతురూ అల్లుడూ వస్తే ఎక్కడ పడుకుంటారన్న ప్రశ్న ఆ రోజుల్లో సభల్లో పదేపదే వినిపించింది. రాజకీయం ఎలా ఉన్నా, డ్రాఫ్ట్స్‌మన్‌గా నాకా ప్రశ్న నచ్చింది. ఇల్లు అంటే ఇన్ని అడుగులని కాకుండా, ఎవరు ఎక్కడ పడుకుంటారని అడిగింది. పేదవాళ్ల మొగుడూపెళ్లాలకి కూడా వేసుకోవడానికో తలుపు కావాలని సర్కారు కాగితం ఒప్పుకుంది.

గ్యాసు లేకపోతే ఆ ఇల్లు కుదరదు. 1999లో దీపం పథకం కింద పేద ఆడవాళ్లకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. కట్టెల పొయ్యితో ఆ రెండో అంతస్తు వంటింట్లో ఎవరూ వండలేరు. ఇలాంటి ప్లాన్లలో నాకు తోచే లోటు ఒకటుంది. బతుకుతెరువుకి చోటు ఉండదు. తోపుడుబండి, ఇస్త్రీ బల్ల, కుట్టు మిషను, మేక, వీటికి పడకగది పక్కన గీత గీయడం మాకింకా చేతకాలేదు.

చోటు గురించే ఇంకొకటి చెప్పాలి. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో ఒక పాత సామాను గోదాములో మంటలు లేచాయి. పైన పడుకున్న 11 మంది కాలిపోయారు. బీహారు నుంచి వచ్చిన కూలీలు. ఒక్కడు మాత్రం దూకి బయటపడ్డాడు. కింద సరుకు, పైన మనుషులు. వాళ్లకీ కుటుంబాలున్నాయి, ఎక్కడో పన్నెండు వందల కిలోమీటర్ల అవతల. నగరంలో వాళ్లకి దక్కింది ఇల్లు కాదు, పడుకునే చోటు. ఆ వార్త చదివిన రోజు నేను గీసిన పాత ప్లాన్లు కొన్ని తీసి చూసుకున్నాను. గోదాము అని రాసిన చోట, మెట్లు ఎన్ని, కిటికీ ఎంత అని ఎవరైనా నన్ను అడిగారా? నేనైనా అడిగానా? అక్కడ మనుషులు పడుకుంటారని తెలియదని చెప్పుకోలేను. బోయిగూడలో తిరిగే ప్రతివాడికీ తెలుసు.

రాంచ్ ఇంటి దగ్గరికి మళ్లీ వస్తాను, అది ఈ మధ్య నా టేబులు మీదికే వచ్చింది కాబట్టి. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు రెండంతస్తుల పెద్ద పెద్ద ఇళ్లు కొంటున్నారు. అమ్మేవాళ్లని ముందుగా అడిగేది, కింద ఒక పడకగదీ పూర్తి బాత్‌రూమూ ఉన్నాయా అని. ఆర్నెల్లకి వచ్చే అమ్మానాన్నలు మెట్లెక్కలేరు. రెండో అడిగేది తూర్పు వాకిలి. హాల్లోకి తెరుచుకున్న అందమైన వంటిల్లు ఉన్నా, పోపు వాసన సోఫాలకి పట్టకుండా వెనక ఇంకో చిన్న వంటిల్లు కావాలంటారు. అమెరికా వాళ్లు డెబ్బై ఏళ్ల క్రితం తీసేసిన గోడని మనవాళ్లు వెళ్లి మళ్లీ కట్టిస్తున్నారు. ఇంగువ ముందు ఏ ఆర్కిటెక్టు తెలివీ పనిచెయ్యదు.

ఇక్కడ మిగిలిన తల్లిదండ్రులది ఇంకో కోరిక. ముప్పై ఏళ్ల క్రితం నా చేతే డూప్లెక్స్ గీయించుకున్న ఒకాయన మొన్న వచ్చారు. పిల్లలిద్దరూ విదేశాల్లో. పైన రెండు గదులకీ తాళం. మోకాళ్లు రెండూ మార్పించుకున్నారు. ఊరి బయట చిన్న స్థలం ఉంది, దాంట్లో మెట్లు లేని ఇల్లు కావాలి. ముందు వసారా, వెనక వంటింట్లోంచి తలుపు తీస్తే పెరడు, ఆ పెరట్లో కరివేపాకు చెట్టు ఆవిడకి కనిపించాలి. గుమ్మాలకి గడప ఎత్తు వద్దు, రేపు చక్రాల కుర్చీ రావచ్చు. రాసుకుంటూ పోతుంటే నాకు నవ్వొచ్చింది. అచ్చం రాంచ్ ఇల్లు. ఆయనకి క్లిఫ్ మే పేరు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. గడప లేకపోతే పసుపు ఎక్కడ రాయాలని ఆవిడ అడిగింది. నేలతో సమానంగా టేకు పట్టీ వేయించి ఇస్తానన్నాను. డిపోలో చూసిన ఆ పాత దర్వాజా గడప చెక్కే అందుకు కొన్నాను. చీరకముందే దొరికింది.

చివరగా ఒక విన్నపం. మీ పాత ఇల్లు పడగొట్టే ముందు, బిల్డరుకి తాళాలు ఇచ్చే ముందు, ఒక తెల్లకాగితం తీసుకుని ఆ ఇంటి పటం గీయండి. స్కేలు అక్కర్లేదు, వంకరగా ఉన్నా సరే. ఏ గదిలో ఎవరు పడుకునేవారో పేర్లు రాయండి. పొయ్యి ఎక్కడుండేదో గుర్తు పెట్టండి. గట్టు ఎత్తు కొలిచి రాయండి. వెనక గుమ్మంలోంచి ఎవరు వచ్చేవారో, వాళ్లకి ముందు గుమ్మం ఎప్పుడు తెరుచుకుందో, అసలు తెరుచుకుందో లేదో, అది కూడా రాయండి. ఇంట్లో అందరికన్నా పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఆవిడకి తెలిసినంత మీకు తెలియదు. కింద తేదీ వేసి, ఇంటి దస్తావేజులతో పాటు దాచండి.